నలభయ్యో ఇల్లు

మా పెనుకొండ సంఘంలో ఈ సంవత్సరపు శ్రమకాల ఉపవాసాలు దేవుని కృప వలన దిగ్విజయంగా ముగిశాయనీ, ఆ నలభై దినాల్లో నా బరువు నాలుగు కిలోల మూడు వందల గ్రాములు పెరిగిందనీ ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. బస్టాండు ముందరి మందులషాపులో తూకం మీద రెండుమార్లు ఎక్కి చూసుకున్నాను. రెండోమారు చెప్పులు కూడా విడిచాను.

నా పేరు దానియేలప్ప. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. సంఘానికి కార్యదర్శిని, అయ్యగారు ఊళ్ళో లేనప్పుడు ప్రసంగీకుణ్ణి. అయ్యగారంటే మా పాస్టరు. దీనత్వం మీద నేను చేసినన్ని ప్రసంగాలు ఇటు హిందూపురం నుంచి అటు ధర్మవరం దాకా ఇంకెవరూ చేయలేదు. నా గురించి నేనే చెప్పుకోవడం బాగుండదని తెలుసు. ఇంకెవరూ చెప్పడం లేదు గనుక ఆ బాధ్యత కూడా నేనే తీసుకున్నాను.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బూడిద బుధవారం మొదలుకొని ఈస్టరు ముందరి శనివారం దాకా, మధ్యలో ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై దినాలు. ఈ దినాల్లో మేము పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం ఒక విశ్వాసి ఇంట్లో కూడుకుంటాం. రెండు పాటలు, ఒక ప్రార్థన, ఒక ప్రసంగం, చివర్న ప్రేమవిందు. ప్రేమవిందు అంటే ఆదిలో ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు. తర్వాత ఒకరింట్లో ఉప్మా పెట్టారు. మరుసటి దినం ఇంకొకరింట్లో ఉప్మాకు తోడు వడ వచ్చింది. ప్రేమ అనేది ఒకచోట ఆగేది కాదు గనుక ఈ ఏడాదికి చికెన్ బిర్యానీ, సేమ్యా పాయసం, బీడా వరకూ పెరిగింది.

ద్రవపదార్థాలతో ఉపవాసం చెడదని మా కమిటీ మూడేండ్ల కిందటే ఏకగ్రీవంగా తీర్మానించింది. మజ్జిగ ద్రవం. రాగి అంబలి గ్లాసులో పోసుకుని తాగేదే కాబట్టి అదీ ద్రవమే. పెరుగన్నాన్ని బాగా పలచగా కలిపితే ఏమవుతుందని ఒక సభ్యుడు పోయిన సంవత్సరం ప్రశ్న లేవదీశాడు. ఆ విషయం ఉపసంఘం పరిశీలనలో ఉంది. ఉపసంఘానికి అధ్యక్షుణ్ణి నేనే. పరిశీలన ప్రతి మధ్యాహ్నం మా ఇంట్లో జరుగుతూనే ఉంది.

ఉపవాసంతోపాటు ఏదో ఒక ఇష్టమైనదాన్ని విడిచిపెడతామని బూడిద బుధవారం నాడు అందరి ముందూ లేచి చెప్పడం మా ఆచారం. ఇంజనీరు నాగేంద్ర మాంసం విడిచిపెట్టాడు. అయితే ఎవరైనా ప్రేమతో వడ్డిస్తే కాదనడం గర్వానికి గుర్తని అక్కడే ఒక సవరణ జోడించాడు. ఆయన భార్య పవిత్ర వాట్సాప్ స్టేటస్ పెట్టడం విడిచిపెట్టి, ఆ సంగతి స్టేటస్‌లో పెట్టింది. అది ఇరవై నాలుగు గంటలకు చెరిగిపోతుంది కాబట్టి పాపం నలభై దినాలూ కొత్తగా పెట్టుకుంటూ రావలసి వచ్చింది. నేను కోపం విడిచిపెట్టాను. ఆ మాట విని నా భార్య అమృత మందిరంలోనే కిసుక్కున నవ్వింది. ఇంటికి పోయిన తర్వాత ఆమెకు నేను వివరంగా, కొంచెం గట్టిగా, కోపమనేది నాలో ఎందుకు లేదో వీధి చివరి దాకా వినబడేట్టు చెప్పాను.

ఇక జమఖానా సంగతి చెప్పాలి. మా సంఘానికి ఎర్రచారల పెద్ద జమఖానా ఒకటుంది. ఇద్దరు పడితే గాని లేవదు. ఆ సాయంత్రం ఎవరింట్లో కూడికో వాళ్ళు పొద్దున్నే ముందటిరోజు ఇంటికి పోయి దాన్ని మోసుకొచ్చుకోవాలి. ఒకరు తెచ్చి ఇచ్చే పద్ధతి లేదు. ఎవరి కూడిక వాళ్ళే మోసుకోవాలని పెద్దలు పెట్టిన ఆచారం. అందుకే మావాళ్ళు ఈ రోజు కూడిక ఎక్కడ అని అడగరు. "జమకాన యాడుండాది?" అని అడుగుతారు. అది ఎక్కడుంటే సంఘం అక్కడున్నట్టు.

ఎవరింటికి ఏ దినమో నిర్ణయించి అచ్చు వేయించేవాణ్ణి నేను. లిస్టు తయారయ్యే నెల రోజులూ ఊళ్ళో నాకు దొరికే గౌరవం చూస్తే ఎమ్మార్వో కూడా కుళ్ళుకోవాలి. శుక్రవారం కావాలనేవాళ్ళు, నాగేంద్ర ఇంటి తర్వాతి రోజు మాత్రం వద్దనేవాళ్ళు, పోలిక వస్తుందని భయపడేవాళ్ళు, అందరూ మా ఇంటి గడప తొక్కవలసిందే.

అలా తొక్కినవాళ్ళలో మునియమ్మ ఒకతె. కొండకింద కాలనీలో ఉంటుంది. చింతపండు కొట్టే కూలికి పోతుంది. ఏ ఇంట్లో కూడిక జరిగినా వచ్చి అందరికన్నా వెనక, చెప్పులు విడిచేచోట కూర్చుంటుంది. ఆమె భర్త నరసప్ప మా గుడిలో ముప్ఫై ఏండ్లు తాళాలు వాయించాడు. ఆయన తాళం వేస్తుంటే ఎంత అపస్వరగాడైనా దారి తప్పకుండా పాట ముగించేవాడు. నేనే సాక్ష్యం. మూడేండ్ల కిందట కాయలు రాల్చడానికి చింతచెట్టెక్కి, కొమ్మ విరిగి పడ్డాడు. నడుము పోయింది. మంచానికి అంటుకుపోయాడు. అప్పటినుంచి ఆయన గుడి ముఖం చూడలేదు, గుడి ఆయన ముఖం చూడలేదు. రెండువైపులా సమానంగానే ఉంది గనుక ఇందులో ఎవరూ ఎవరినీ తప్పుపట్టడానికి లేదని నేను అనుకునేవాణ్ణి.

మొదటి ఏడాది మునియమ్మ మా వాకిట్లో నిలబడి అడిగింది.

"సార్, మా ఆయప్ప ఒగటే పోరు పెడ్తాండాడు. నేను గుడికి పోలేను, గుడే ఒగ దినం నా కాడికి వస్తే బాగుండు అంటాడు. ఒగే ఒగ సాయంత్రం మా ఇంటికాడ కూడిక పెట్టండి సార్. పాటలు ఇనాలని ఉండాదంట."

లిస్టు అచ్చుకు పోయిందని చెప్పాను. రెండో ఏడాది ముందుగానే వచ్చింది. కాలనీలో నీళ్ళ పైపులకు గుంతలు తవ్వుతున్నారు, సంఘానికి నడిచే దారి లేదని చెప్పాను. గుంతలు నిజమే. అయితే అసలు కారణాలు వేరు. ఆ సందులో కారు తిరగదు. అయ్యగారికి మోకాళ్ళ నొప్పి. ఇంకొకటి కూడా ఉంది గాని దాన్ని కమిటీలో ఎవరూ పైకి అనలేదు. మేము ఆత్మీయులం, అంటే లోకసంబంధులం కాము. మునియమ్మ ఏం వడ్డించగలదని మేము అడగం. ఆమె మీద భారం వేయకూడదని అంటాం. పేదల మీద భారం వేయకూడదనే దయ మా సంఘంలో మొదటినుంచీ మెండుగా ఉంది. ఆ దయ వల్లే ఇంతవరకు ఏ పేదవాడి ఇంటికీ మేము పోలేదు.

ఈ ఏడాది సంక్రాంతి దాటీ దాటకముందే వచ్చింది. ఈమారు వాకిట్లో నిలబడలేదు, గడప మీద కూర్చుంది.

"రేపటేడాదికి ఆయప్ప ఉంటాడో ఉండడో సార్. అన్నం కూడా సరిగ తింటాండలేదు. ఈ ఏడాదన్నా రాండి."

నాకు నిజంగానే మనసు కరిగింది. మనసు కరిగినప్పుడే నా బుర్ర బాగా పనిచేస్తుంది. ఆమె పేరును నలభయ్యో ఇంటికి వేశాను.

దీనిలోని చాతుర్యం పాఠకులు గమనించాలి. నలభయ్యో దినం ఈస్టరు ముందరి శనివారం. శుభ శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలపాటు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో కూర్చుని అందరి నడుములూ పట్టేసి ఉంటాయి. శనివారం కొత్తబట్టలు తెచ్చుకోవాలి, మాంసం చెప్పిపెట్టుకోవాలి, తెల్లవారుజామున కొండకింద జరిగే ఆరాధనకు ఏర్పాట్లు చూసుకోవాలి. పైగా ఆ దినం ప్రభువు సమాధిలో ఉన్నాడు. ఆయనే విశ్రమిస్తుంటే మనం తిరగడం మర్యాద కాదు. అందుచేత లిస్టులో నలభయ్యో దినం ప్రతి ఏడాదీ ఉంటుంది, ఆ దినం కూడిక మాత్రం ఎప్పుడూ జరగదు. ఆ గడిలో ఎప్పుడూ మా ఇంటి పేరే వేసుకునేవాణ్ణి. సంఘంలో అందరికీ తెలుసు. ఏ సంగతైనా అందరికీ తెలుసని మేమన్నప్పుడు ఆ అందరిలో మునియమ్మ ఉండదు.

కమిటీలో నా ప్రతిపాదనకు చప్పట్లు కొట్టారు. అయ్యగారు లేచి గంభీరంగా సెలవిచ్చారు.

"ప్రియులారా! లోకంలో చివరన ఉన్నవారికి దేవుని లెక్కలో మొదటి స్థానం. కాబట్టి మునియమ్మగారిని మనం చివరన వేయడం ద్వారా ఆమెను మొదట వేసినట్టే అయింది. ఇంత లోతైన ఆలోచన దానియేలప్ప సారుకు ఇచ్చిన దేవునికి స్తోత్రం!"

నాగేంద్ర దీన్ని బలపరిచాడు. నలభయ్యోది కిరీటం లాంటి దినమనీ, కిరీటం అందరికీ దొరకదనీ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అది మా ప్రత్యేకత.

అచ్చయిన లిస్టు పట్టుకుని మునియమ్మ గుడి బయట నా దగ్గరికొచ్చింది. ఆమెకు చదువు రాదు. ఆ వరుస మీద నా చేత వేలు పెట్టించుకుంది. అచ్చులో ఉన్నదంతా జరుగుతుందని నమ్మే మనుషులు ఇంకా ఉన్నారు. కాగితాన్ని తీసుకుపోయి నరసప్పకు కనబడేట్టు మంచం పక్క గోడకు అంటించిందట. ఆయన చదువుకున్నవాడే, అయిదో తరగతి దాకా.

ఆ నలభై దినాలూ నేను చాలా ఇళ్ళలో ప్రసంగించాను. దీనత్వం మీద పదకొండు, ఆశానిగ్రహం మీద తొమ్మిది, ఆతిథ్యం మీద ఏడు. ఆతిథ్యం మీద మాట్లాడినప్పుడల్లా ఎందుకోగాని వంటింట్లోంచి వాసన ఎక్కువగా వచ్చి ప్రసంగం త్వరగా ముగిసేది. మునియమ్మ ఒక్క దినం కూడా మానలేదు. ఏ ఇంట్లో ఏ పాట పాడారో, ఎవరు ప్రార్థించారో ఇంటికి పోయి ఆయనకు చెప్పేదట. ఇంక పదిళ్ళు, ఇంక ఆరిళ్ళు అని లెక్క పెట్టుకునేవాళ్ళట ఇద్దరూ. గురువారం, శుక్రవారం గుళ్ళోనే. గుడి దేవుని ఇల్లు కాబట్టి మా లిస్టులో దాన్ని కూడా ఒక ఇల్లుగానే వేసుకుంటాం.

శుభ శుక్రవారం ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు. నాకు దప్పికను గురించిన అయిదో మాట దొరికింది. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఆత్మ నన్ను నడిపించినందున నలభై అయిదు నిమిషాలు పట్టింది. ఏప్రిల్ ఎండ, కరెంటు లేదు, జనం ఉపవాసం. నా ముందర మాత్రం చెమ్మ కారుతున్న చల్లనీళ్ళ బాటిలు ఉంది. దప్పిక ఎంత బాధాకరమో సభకు అర్థం కావడానికి రెండుమార్లు తాగి చూపించాను.

"సోదరులారా, సోదరీమణులారా! కరువు సీమలో పుట్టినవాళ్ళం, దప్పిక అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? దప్పికగొన్నవాడు ఎక్కడో లేడు. మన వీధి చివర ఉన్నాడు. మన కొండకింద ఉన్నాడు. ఒక్క గుక్కెడు ప్రేమ కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. మనం పోయామా? అడుగుతున్నాను, మనం పోయామా?"

మందిరమంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నా గొంతు నాకే అంత బాగా వినబడింది. కొండకింద అనే మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. పలుకుబడికి బాగుందని వాడినట్టున్నాను. ఆరాధన ముగిసి అందరూ నా చేయి పట్టుకుని ఊపుతుంటే మునియమ్మ జనంలోంచి దూరుకుంటూ వచ్చింది. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"రేపే కదా సార్?"

"దేవుని చిత్తమైతే" అన్నాను.

మాలో దేవుని చిత్తమైతే అంటే రామని అర్థం. అది కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

శనివారం సాయంత్రం అయిదింటికి అయ్యగారు ఫోన్ చేశారు. జమఖానా కనబడటం లేదట. తెల్లవారుజామున కొండకింద ఆరాధనకు హిందూపురం నుంచి మా అయ్యగారికి పైవారైన పెద్దయ్యగారు కుటుంబంతో సహా వస్తున్నారు. వాళ్ళను మట్టిలో కూర్చోబెడతామా? గుడి తాళంచెవులు చూసుకునే శ్రీనివాసులును అడిగాను. పొద్దున్నే మునియమ్మ ఇంకొక ఆడమనిషిని తోడు తెచ్చుకుని, ఇద్దరూ నెత్తిన పెట్టుకుని మోసుకుపోయారని చెప్పాడు.

"లిస్టులో ఉండాది కదా సార్, ఇచ్చినా" అన్నాడు.

కోపం విడిచిపెట్టి అప్పటికి ముప్ఫై తొమ్మిది దినాలు పూర్తయ్యాయి కాబట్టి అతన్ని రెండు మాటలతో వదిలేశాను. స్కూటరు తీశాను. పోయి, పండుగ శుభాకాంక్షలు చెప్పి, జమఖానా చుట్టించి, ఆటోలో వేయించుకుని పావుగంటలో వచ్చేయాలని నా ఏర్పాటు.

సందు మొదట్లోనే స్కూటరు ఆపవలసి వచ్చింది. నడిచి మలుపు తిరిగేసరికి జమఖానా కనబడింది. మునియమ్మ ఇంటి గడప నుంచి సందుకు అడ్డంగా పరిచారు. మీద ఒక ముప్ఫైమంది కూర్చుని ఉన్నారు. మా సంఘం మనుషులు ఒక్కరూ లేరు. చింతపండు కొట్టే ఆడవాళ్ళు, పక్కింటి హనుమంతమ్మ, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని ఆమె అత్త, పని నుంచి వచ్చి మొఖం కడుక్కున్న మగవాళ్ళు. అందరూ వెనకభాగంలో ఒకరి మీద ఒకరు ఇరుక్కుని ఉన్నారు. ముందరిభాగం సగం ఖాళీ. అక్కడ అయిదు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వేసి, తుడిచి పెట్టారు. ఆ ఖాళీ మా కోసం. నలభై దినాలు నేను నిండుగా చూసిన జమఖానా అది. అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

గడప పక్కన మంచం మీద నరసప్ప ఉన్నాడు. వెనక దిండ్లు పెట్టి ఎత్తి కూర్చోబెట్టారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగారు. చొక్కా ఆయనదే, ఒకప్పుడు సరిపోయినదే. చేతిలో తాళాలున్నాయి.

"వచ్చినారు! వచ్చినారు!" అని హనుమంతమ్మ కేకేసింది. జనమంతా లేచి నిలబడ్డారు. నేను పాఠశాలలో ముప్ఫై ఆరేండ్లు పనిచేశాను, పిల్లలు నన్ను చూసి రోజూ లేచి నిలబడ్డారు. ఎప్పుడూ అంత సిగ్గు వేయలేదు.

మునియమ్మ లోపలినుంచి పరుగున వచ్చింది. "రాండి సార్, రాండి. మిగతావాళ్ళు ఎనక వస్తాండారా?"

జమఖానా కోసం వచ్చానని చెప్పడానికి నోరు తెరిచాను. "వస్తున్నారు" అన్నాను.

అలా అన్న తర్వాత కూర్చోక తప్పదు. ఎర్రకుర్చీలో కూర్చున్నాను. వాళ్ళందరూ సందు మలుపు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. ఎవరూ రారని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయినా అందరికన్నా శ్రద్ధగా చూశాను, గడియారం కూడా చూసుకున్నాను. ఒకమారు లేచి సందు చివరిదాకా పోయి తొంగిచూసి, ట్రాఫిక్ ఎక్కువగా ఉందేమో అన్నాను. పెనుకొండలో ట్రాఫిక్. అరగంట గడిచింది. జేబులో ఫోను మోగుతూనే ఉంది. అయ్యగారు.

నరసప్ప చేయి ఊపి నన్ను దగ్గరికి పిలిచాడు. వంగాను. చాలా చిన్నగా మాట్లాడాడు.

"సార్, నువ్వు జమకాన కోసరం వచ్చినావని నాకు తెలుసు. మునెమ్మకు చెప్పాకు."

జేబులో మోగుతున్న ఫోను నొక్కి ఆపేశాను.

"ముప్పై ఏండ్లు తాళాలు కొట్టినా సార్ మన గుళ్ళో. ఆ శనివారం కూడిక ఎప్పుడన్నా జరిగిందా? లిస్టు సూస్తానే తెల్సింది నాకు. చెప్తే అది ఏడుస్తాదని చెప్పలేదు. నలభై దినాలు ఎంత సంబరపడిందో. నాకు అది సాలు. ఇంక ఎవరూ రారులే, ఒగ పాట ఎత్తుకో. నేను తాళం ఏస్తా."

లేచి నిలబడ్డాను. నలభై దినాల ప్రసంగాల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు. సిలువ పాట ఒకటి ఎత్తుకున్నాను. నా గొంతు ఎట్లాంటిదో మా ఇంట్లో అడిగితే చెబుతారు. మొదటి చరణంలోనే పక్కకు పోయింది. నరసప్ప తాళం వేసి మళ్ళీ దారిలో పెట్టాడు. చేతులు వణుకుతున్నాయిగాని తాళం వణకలేదు. అక్కడున్నవాళ్ళకు ఆ పాట రాదు. మూడోమారు పల్లవి వచ్చేసరికి హనుమంతమ్మ అందుకుంది. ఆమె అత్త చేతులు తట్టింది. మునియమ్మ ఎప్పుడూ కూర్చునే చోటే, చెప్పుల దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. శుక్రవారం వచ్చినట్టు కాదు, ముక్కు కారేట్టుగా, వికారంగా.

తర్వాత గుగ్గిళ్ళు, మజ్జిగ ఇచ్చింది. సంఘమంతా వస్తుందని అలసందలు అరవైమందికి ఉడకబెట్టింది. నేను మూడుమార్లు పెట్టించుకున్నా తరగలేదు. మిగిలింది బక్కెటలో పోసి మూత పెట్టింది.

"పాపం, వాళ్ళకు ఏం పని తగిలిందో. మీరే ఇయ్యండి సార్ అందరికీ" అంది.

జమఖానా వాళ్ళే చుట్టి, మోసి, ఆటోలో వేశారు. బక్కెట నేను స్కూటరు మీద పెట్టుకుని గుడికి తెచ్చాను. ఆరాధన ఏర్పాట్లు చూస్తున్న కమిటీ సభ్యులు అందరూ తిన్నారు. ఉప్పు కొంచెం తక్కువైందని నాగేంద్ర అన్నాడు. ఎక్కడివని ఎవరూ అడగలేదు.

ఈస్టరు తెల్లవారుజామున కొండకింద జనం బాగా వచ్చారు. పెద్దయ్యగారి కుటుంబం జమఖానా మీద కూర్చుంది. మా అయ్యగారు నలభై ఇళ్ళలోనూ ఒక్కటి కూడా తప్పకుండా కూడికలు జరిగాయని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. మునియమ్మ కూడా కొట్టింది. తర్వాత సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు నాకు చేసిన మేలు నలుగురికీ చెప్పమని, నన్ను పిలిచారు. సిద్ధం చేసుకున్న కాగితాన్ని జేబులో పెట్టేశాను. అంతటి అనుభవం చేతికి అందినప్పుడు వృథా చేయరాదు.

"నిన్న సాయంత్రం ఆత్మ నన్ను ప్రేరేపించింది. లే దానియేలప్పా, కొండకింద ఒక రోగి నీకోసం ఎదురుచూస్తున్నాడని ఒక స్వరం పలికింది. పండుగ పనులన్నీ పక్కనపెట్టి ఒంటరిగా బయలుదేరాను..."

చెప్పానంటే చెప్పాను. తాళం దగ్గరికి వచ్చేసరికి పెద్దయ్యగారి భార్య వెక్కివెక్కి ఏడ్చింది. జమఖానా మాట ఎత్తలేదు. అందరూ దాని మీదే కూర్చుని ఉన్నారు, వాళ్ళ ఏకాగ్రత చెదురుతుందని. పెద్దయ్యగారు నా భుజం తట్టి, ఈ సాక్ష్యం మా హిందూపురంలో కూడా చెప్పాలన్నారు.

హిందూపురంలో చెప్పాను. అక్కడ సందు కొంచెం పొడుగైంది. ఒక పెద్దాయన నాకు శాలువా కప్పి, "దుడ్డూ డబ్బూ ఉండేవాళ్ళంతా నేర్చుకోవాల సార్ మీ కాడ" అన్నాడు. కదిరిలో చెప్పాను. కదిరి సాక్ష్యంలో నేను చెప్పులు లేకుండా నడిచాను. నల్లచెరువులో సన్నగా వాన మొదలైంది. ధర్మవరం చేరేసరికి నరసప్ప నా చేతులు కండ్లకద్దుకుని, సార్, మీరొస్తే దేవుడే వచ్చినట్టుండాది అన్నాడు. ఆయన నిజంగా అన్న మాటకన్నా ఇది సభలకు బాగా పనికొస్తుంది. ఇప్పటికి శాలువాలు నాలుగయ్యాయి. దీనత్వానికి ఇంత ఆదరణ ఉంటుందని తెలిసి ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టేవాణ్ణి.

ధర్మవరంలో ఒక చిన్న ఇబ్బంది జరిగింది. కూడిక ముగిసి అందరూ చేతులు కలిపి పోతున్నారు. రుక్మిణమ్మ అనే ముసలామె, మగ్గం నేసే మనిషి, వరుసలో నిలబడి వచ్చింది. చేయి కలపలేదు.

"అయ్యా, ఆయప్ప ఇప్పుడెట్లుండాడు?"

"దేవుని కృపలో ఉన్నాడమ్మా" అన్నాను.

"తింటాండాడా?"

దేవుడు చూసుకుంటాడన్నాను.

"నువ్వు మళ్ళ ఎప్పుడు పోయింటివి?"

బస్సుకు టైమైందని వచ్చేశాను. బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. బస్టాండులో నిలబడి ఆ ముప్పావుగంటా ఆలోచించాను. ఈస్టరు అయిపోయి మూడు నెలలు. ధర్మవరం మా ఊరికి గంటకు పైగా ప్రయాణం, రెండుమార్లు వచ్చాను. కొండకింద కాలనీ మా ఇంటికి పది నిమిషాల నడక. మునియమ్మ కూడా ఈ మధ్య నాలుగైదు ఆదివారాలుగా గుడిలో కనబడటం లేదు. ఎందుకు రావడం లేదని ఎవరినైనా అడగాలనే ఉంది. అడిగితే చెబుతారేమోనని అడగలేదు.

నాలుగు ఊళ్ళలో వందలమంది ఈ కథ విన్నారు, ఏడ్చారు, శాలువా కప్పారు. ఆ ప్రశ్న అడిగింది రుక్మిణమ్మ ఒక్కతే. మునియమ్మ మీద జాలిపడి, నన్ను నాలుగు తిట్లు తిట్టుకుంటూ ఇంతదూరం చదివిన మీరు కూడా అడగలేదు. తాళం దగ్గర మీ కండ్లు కూడా చెమర్చే ఉంటాయి. నాకు తెలుసు, అక్కడ అందరికీ చెమరుస్తాయి. దయచేసి ఇప్పుడు మాత్రం అడగకండి. పోయి కనుక్కుందామంటే ఈ ఆదివారం తలుపుల అనే ఊళ్ళో ఇదే ప్రసంగానికి ఒప్పుకుని ఉన్నాను.